పాత సైకిల్ ఫ్రేముకు వేరే సైజు చక్రాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లోని 28 అంగుళాల హెర్క్యులిస్ సైకిలు చెన్నై అంబత్తూరులో పుట్టింది. 1949లో స్థాపించిన టీఐ సైకిల్స్ కర్మాగారం అక్కడిదే. నాన్నగారు ఆ సైకిలును గూడూరులో కొన్నారు. ఆయన తరవాత నేను రైలు పార్సిల్లో పెరంబూరుకు తెచ్చుకున్నాను. మూడు వానాకాలాలు పాత ఉక్కు రిమ్ములతోనే తొక్కి, చివరికి చక్రాలు మార్చాను. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి వీధిలోవాళ్లు, బంధువుల పిల్లలు, ఆదివారం పొద్దున్నే మెరీనా దాకా కలిసి తొక్కే మిత్రులు రకరకాల ప్రశ్నలు అడుగుతున్నారు. చెన్నైలోని మన తెలుగు ఇళ్లలో ఇలాంటి సైకిళ్లు మేడమెట్ల కింద ఎన్ని ఉన్నాయో అప్పుడు తెలిసింది.

జవాబుల్లోకి వెళ్లేముందు రెండు విన్నపాలు. ఏదీ కొనకముందే మిల్లీమీటర్లలో కొలవండి. తిరిగి మామూలుగా చేయలేని మార్పు ఏదీ ఫ్రేముకు చేయకండి.

ఉన్న చక్రాలనే బాగు చేయించుకుంటే సరిపోదా?

చాలామందికి సరిపోతుంది. 28 × 1½ టైరు ఇప్పటికీ చిన్న ఊళ్ల సైకిల్ షాపుల్లో కూడా దొరుకుతుంది. ట్యూబులు, ఫ్రీవీళ్లు, చువ్వలు, హబ్బు గుండ్లు, అన్నీ ఉన్నాయి. రిమ్ము గుండ్రంగా ఉంటే బెండు తీయించి, హబ్బులు విప్పి గ్రీజు పెట్టించి, కొత్త టైర్లు వేయించుకోండి. పాలడబ్బాలు, బియ్యం బస్తాలు మోయడానికి చేసిన చక్రం అది. ఇంటి నుంచి మార్కెట్‌కు, రైల్వే స్టేషన్‌కు తిరిగేవాళ్లకు దానిలో ఏ లోపమూ కనిపించదు.

నేను మార్చడానికి కారణం వాన. క్రోమ్ పూసిన ఉక్కు రిమ్ము తడిస్తే బ్రేకు రబ్బరు దానిమీద జారిపోతుంది. పొడి రోడ్డు మీద ఆగే దూరానికి, తడిలో ఆగే దూరానికి ఎక్కడా పొంతన ఉండదు. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. ఆ మూడు నెలలూ నేను సిగ్నల్ కనిపించిన చోటు నుంచే బ్రేకు పట్టుకుని వెళ్లేవాణ్ణి. ఒక సాయంత్రం ముందు వెళ్తున్న ఆటో హఠాత్తుగా ఆగితే, చెప్పులు నేలకు రాస్తూ దాని వెనక బంపరుకు జానెడు దూరంలో ఆగాను. అల్యూమినియం రిమ్ము కూడా తడిలో కొంత పట్టు కోల్పోతుంది. కానీ చక్రం ఒకటి రెండు చుట్లు తిరిగేసరికి నీరు తుడిచినట్టై బ్రేకు పట్టేస్తుంది. ఈ తేడా చిన్నది కాదు.

రెండో కారణం ఉప్పుగాలి. సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్ల ఇళ్లలో క్రోమ్ పొర లేచిపోయి, రిమ్ము లోపలివైపు చువ్వల కన్నాల చుట్టూ తుప్పు తినేస్తుంది. పైకి మెరుస్తున్నా టైరు ఊడదీసి లోపల చూడండి. వేలితో గీరితే పొరలు రాలే రిమ్మును మళ్లీ వాడకండి.

మీది 27 × 1¼ చక్రాల పాత స్పోర్ట్స్ సైకిలైతే మూడో కారణమూ ఉంది. ఆ టైరు మన దగ్గర దొరకడం కష్టం. దాని బదులు 700సి, అంటే ఇప్పటి రోడ్డు సైకిళ్ల సైజు చక్రం, వేసుకోవడం అన్నిటికన్నా సులువైన మార్పు.

నా టైరు మీద 28 అని ఉంది. 28 అంగుళాల రిమ్ము కొంటే సరిపోతుంది కదా?

సరిపోకపోవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఒక దుకాణంలో 28 అని అడిగాను, 28 అనే రాసి ఉన్న టైరు ఇచ్చారు, ఇంటికి తెచ్చి గంటసేపు పెనుగులాడినా అది రిమ్ములో కూర్చోలేదు. రెండూ 28లే. ఒకటి 635, రెండోది 622.

అంగుళాల అంకె టైరు బయటి వ్యాసానికి సుమారుగా పెట్టిన పేరు. ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క కాలంలో పెట్టిన పేర్లు కలిసిపోయి ఈ గందరగోళం వచ్చింది. అసలు చూడాల్సింది టైరు అంచు రిమ్ములో కూర్చునే చోటి వ్యాసం. దాన్ని టైరు పక్కన చిన్న అక్షరాల్లో 40-635 లాగా అచ్చువేస్తారు. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది ఆ వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. రెండో అంకె ఒక్క మిల్లీమీటరు తేడా లేకుండా కలవాలి.

మన దగ్గర ఎదురయ్యేవి ఇవి. పాలవాళ్ల పెద్ద సైకిలు 28 × 1½ అంటే 635. పాత స్పోర్ట్స్ సైకిళ్ల 27 × 1¼ అంటే 630. ఇప్పటి హైబ్రిడ్, రోడ్డు సైకిళ్ల 700సి అంటే 622. మౌంటెన్ సైకిళ్లలో 29 అని పిలిచేదీ ఇదే 622. 26 × 1⅜ అంటే 590. 27.5 అన్నా 650బి అన్నా 584. పిల్లలు తొక్కే మౌంటెన్ సైకిళ్ల 26 × 1.95, 26 × 2.1 వంటివి 559. గమనించారా, 26 పేరుతోనే 590 ఉంది, 559 ఉంది. భిన్నంలో రాసిన 26కూ దశాంశంలో రాసిన 26కూ మధ్య 31 మి.మీ. తేడా. ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు.

టైరు మీద అంకెలు చెరిగిపోయాయి. ఎలా కొలవాలి?

టైరు తీసేసి, రిమ్ము లోపల టైరు అంచు ఆనుకునే మెట్టు మీద సాగని సన్నటి తీగను ఒక చుట్టు చుట్టండి. చివర్లు కలిసిన చోట గుర్తు పెట్టి, తీగను నేలమీద చాచి కొలవండి. 1995 మి.మీ. దగ్గర వస్తే 635, 1979 వస్తే 630, 1954 వస్తే 622, 1854 వస్తే 590, 1835 వస్తే 584, 1756 వస్తే 559. 635, 630ల మధ్య తేడా చుట్టుకొలతలో 16 మి.మీ. కాబట్టి తీగ వదులుగా లేకుండా చూసుకోండి. దర్జీ టేపు వాడకండి, అది సాగుతుంది.

635 తీసి 622 వేస్తే బ్రేకులు అందుతాయా?

అందరూ అడిగేది ఇదే. ఇక్కడ తొందరపడితే మొత్తం ఖర్చు వృథా అవుతుంది.

ముందు లెక్క. వ్యాసాల తేడాలో సగం మాత్రమే బ్రేకుకు తగిలే తేడా. 635 నుంచి 622కు వెళ్తే 13 మి.మీ.లో సగం, అంటే 6.5 మి.మీ. మేర రిమ్ము ఇరుసువైపు దిగుతుంది. 630 నుంచి 622కు 4 మి.మీ. మాత్రమే. అందుకే పాత స్పోర్ట్స్ సైకిళ్లలో బ్రేకు రబ్బర్లను వాటి గాడిలోనే కిందికి జరిపితే చాలాసార్లు పని అయిపోతుంది. 590 నుంచి 584కు 3 మి.మీ. కానీ 635 నుంచి 590కి 22.5 మి.మీ., 622 నుంచి 559కి 31.5 మి.మీ. అంత దూరం ఏ రబ్బరునూ జరపలేం.

ఇక మన పెద్ద సైకిళ్లలో ఉండేవి రాడ్డు బ్రేకులు. వాటి రబ్బర్లు రిమ్ము పక్కలను పట్టుకోవు. కమ్మీ లాగినప్పుడు అవి పైకి లేచి రిమ్ము లోపలి ముఖాన్ని, అంటే చువ్వలు బయటికి వచ్చే వైపును, రెండు అంచుల దగ్గర నొక్కుతాయి. అందుకోసమే ఆ ఉక్కు రిమ్ముకు చువ్వల వరుసకు అటూ ఇటూ రబ్బరు ఆనే చోటు ఉంచి తయారుచేశారు. 622 అల్యూమినియం రిమ్ముకు లోపలివైపు అలాంటి చోటు ఉండదు. దాని పక్కలు చదునుగా ఉంటాయి, బ్రేకు పట్టేది అక్కడే. కాబట్టి 6.5 మి.మీ. సర్దుకున్నా సరే, రాడ్డు బ్రేకు ఆ రిమ్ము మీద పనిచేయదు. చక్రం మారిస్తే బ్రేకూ మార్చాల్సిందే.

మామూలు మార్గం తీగతో లాగే కాలిపర్ బ్రేకు, అంటే రెండు చేతులతో రిమ్ము పక్కలను పట్టేది. ఫోర్కు పైభాగంలోనూ, వెనక చక్రం పైనున్న అడ్డు గొట్టంలోనూ బ్రేకు బోల్టు పట్టే కన్నం ఉందేమో చూడండి. మడ్‌గార్డు బోల్టు కోసం చాలా ఫ్రేముల్లో ఉంటుంది. ఆ కన్నం మధ్య నుంచి కొత్త రిమ్ము పక్కభాగం మధ్యదాకా ఎంత దూరమో కొలవండి. నా సైకిలుకు ముందు 64, వెనక 70 మి.మీ. వచ్చింది. ఇప్పటి రోడ్డు సైకిళ్ల బ్రేకులు 49 మి.మీ. దాకానో 57 దాకానో అందుతాయి. అవి నాకు పనికిరావు. 61 నుంచి 78 దాకా అందే పొడుగు చేతుల బ్రేకులు వెతికి తెచ్చుకున్నాను. బ్రేకు చేయి పొడుగయ్యేకొద్దీ పట్టు కొంత తగ్గుతుంది, అయినా తడి ఉక్కుతో పోలిస్తే ఎంతో మేలు. బ్రేకు లీవర్లు, తీగలు కూడా కొత్తవి కావాలని మరవకండి.

కన్నం లేకపోతే ఫోర్కు కిరీటానికి, అంటే దాని రెండు కాళ్లు పైన కలిసే చోటుకు, డ్రిల్లు పెట్టించకండి. సైకిలు మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ ఒత్తిడి మోసే చోట్లలో అదొకటి. దానికి బదులు హబ్బులోనే బ్రేకు ఉండే డ్రమ్ము చక్రం గురించి ఆలోచించండి. లేదా పెడలు వెనక్కి తొక్కితే ఆగే కోస్టర్ హబ్బును వెనక చక్రానికి వాడండి. వీటికి రిమ్ము సైజుతో సంబంధమే లేదు, వానతోనూ పెద్దగా పేచీ ఉండదు. డ్రమ్ము లేదా కోస్టర్ హబ్బు నుంచి వచ్చే ఇనుప చేతిని ఫ్రేము గొట్టానికి గట్టి పట్టీతో కట్టాలి. ఆ పట్టీ వదులైతే చేయి గిర్రున తిరిగి చువ్వల్లో పడుతుంది, నెలకోసారి బిగువు చూడాలి.

డిస్కు బ్రేకు కోసం పాత ఫోర్కుకు ముక్క వెల్డింగు చేయిస్తామని కొందరు అడుగుతారు. చేయించకండి. డిస్కు బ్రేకు ఫోర్కులో ఒక్క కాలినే, అదీ కింది భాగంలోనే, మెలిపెడుతుంది. ఆ బలానికి తట్టుకునేలా పాత ఫోర్కు గొట్టాన్ని చేయలేదు. వెల్డింగు వేడికి అది ఇంకా బలహీనపడుతుంది.

నాకు రాడ్డు బ్రేకులంటే ఇష్టం. వాటిని ఉంచుకునే దారి లేదా?

ఉంది. 635లోనే అదే ఆకారపు కొత్త ఉక్కు రిమ్ము కట్టించుకోండి. వెనక మాత్రం కోస్టర్ హబ్బు పెడితే వానలో ఆగడానికి నమ్మకమైన బ్రేకు ఒకటి ఉంటుంది, ముందు రాడ్డు బ్రేకు అలాగే ఉంటుంది. ఫ్రేముకు ఏ హానీ జరగదు. సైకిలు అందం చెడకూడదనుకునే వాళ్లకు నేను ఇదే చెబుతాను.

హైబ్రిడ్ సైకిలు నుంచి తీసిన చక్రాలు చవకగా వస్తున్నాయి. మా పాత ఫ్రేములో దూరతాయా?

రిమ్ము సంగతి తరవాత, ముందు ఇరుసు దూరాలి. వెనక ఫోర్కు చివర్ల మధ్య లోపలి దూరం కొలవండి. గేర్లు లేని పాత సైకిళ్లలో ఇది సాధారణంగా 110 మి.మీ. ప్రాంతంలో ఉంటుంది. పాత అయిదు గేర్ల సైకిళ్లకు 120, ఆరు, ఏడు గేర్లకు 126. ఇప్పటి రోడ్డు చక్రాలకు 130, మౌంటెన్, హైబ్రిడ్ చక్రాలకు 135. అంటే మీరు కొనబోయే చక్రం ఫ్రేము కన్నా 25 మి.మీ. వెడల్పు.

ఉక్కు ఫ్రేమును కొంత మేరకు చల్లగానే వంచి వెడల్పు చేయవచ్చు, వేడి పెట్టనక్కర్లేదు. 110 నుంచి 120కి వెళ్లడం, అంటే ఒక్కో వైపు 5 మి.మీ., పని తెలిసినవారి చేతిలో ఇబ్బంది లేని మార్పు. 135 దాకా లాగడం నాకు ఇష్టం లేదు. చైను పక్కనున్న గొట్టాలను కలిపే అడ్డు ముక్క అతుకు దగ్గర పగలవచ్చు. అల్యూమినియం ఫ్రేమునూ కార్బన్ ఫ్రేమునూ ఒక్క మిల్లీమీటరు కూడా వంచకూడదు.

వంచాక ఒక పరీక్ష ఉంది, తప్పకుండా చేయించండి. వెనక ఒక ఫోర్కు చివరకు దారం కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో చివరకు బిగించాలి. సీటు గొట్టానికి రెండు వైపులా దారం ఎంత దూరంలో ఉందో కొలవాలి. రెండూ సమానంగా ఉంటే ఫ్రేము మధ్యగీత తప్పలేదు. ఒక వైపే వంగితే సైకిలు పక్కకు లాగుతుంది, చైను అరుగుతుంది. ఫోర్కు చివరి పలకలు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో కూడా చూడాలి. లేకపోతే ఇరుసు వంగి, కొన్నాళ్లకు విరుగుతుంది.

ముందు చక్రానికి ఇంకో చిక్కు. పాత ముందు ఇరుసులు చాలావరకు 5/16 అంగుళం, అంటే దాదాపు 8 మి.మీ. మందం. ఇప్పటి ముందు ఇరుసు 9 మి.మీ. ఫోర్కు గాడిలో పట్టదు. కొందరు ఆకురాయితో గాడి పెద్దది చేసేస్తారు. రెండు వైపులా సమానంగా రాకపోతే చక్రం వాలుగా కూర్చుంటుంది, పోయిన ఉక్కు తిరిగి రాదు. సన్నటి ఇరుసున్న హబ్బు వెతకడమే మేలు. ముందు ఫోర్కు వెడల్పూ ఇప్పటి 100 మి.మీ. కన్నా కొంత తక్కువ ఉండటం మామూలే.

నేను చేసింది చెబుతాను. సిద్ధంగా ఉన్న చక్రాలు కొనలేదు. వెనక 120 మి.మీ. ఒంటి గేరు హబ్బు, ముందు సన్న ఇరుసు హబ్బు, 36 కన్నాల 622 రిమ్ములు విడివిడిగా కొని కట్టించాను. పాత ఫ్రీవీలు మర 1.37 అంగుళాలది, కొత్త హబ్బు మరా అదే. అందుకే నాన్నగారు వాడిన ఫ్రీవీలునే దానికి బిగించగలిగాను.

పాత హబ్బులకే కొత్త రిమ్ము కట్టించవచ్చా?

హబ్బు కన్నాలు లెక్కపెట్టండి. మన పెద్ద సైకిళ్లలో పాత ఇంగ్లిషు పద్ధతి ప్రకారం ముందు 32, వెనక 40 చువ్వలు ఉంటాయి. 32 కన్నాల 622 రిమ్ము సులువుగా దొరుకుతుంది. 40 కన్నాలది దొరకడం కష్టం. అందుకే ముందు హబ్బును ఉంచుకుని వెనకది మార్చేవాళ్లు ఎక్కువ.

పాత చువ్వలను మళ్లీ వాడవద్దు. రిమ్ము చిన్నదైంది కాబట్టి చువ్వ మిగిలిపోయి, నిప్పిల్ (చువ్వ కొసను రిమ్ముకు బిగించే చిన్న నట్టు) దాటి లోపలికి పొడుచుకొచ్చి ట్యూబును గుచ్చుతుంది. కొత్త రిమ్ము లోతు ఎక్కువైతే ఇంకా పొట్టి చువ్వ కావాలి. హబ్బు, రిమ్ము రెండూ చక్రం కట్టే మనిషి చేతికిచ్చి, పొడవు ఆయన్నే తేల్చమనండి.

సైకిలు ఎత్తు తగ్గి పెడళ్లు నేలకు తగులుతాయా?

రిమ్ముతో పాటు టైరునూ కలిపి లెక్కవేయాలి. ఇరుసు ఎత్తు అంటే వ్యాసంలో సగం, దానికి టైరు వెడల్పు కలపడం. 40-635కు 357.5 మి.మీ. వస్తుంది. 38-622 వేస్తే 349, అంటే 8.5 మి.మీ. దిగుతుంది. సన్నటి 28-622 వేస్తే 339, దిగుడు 18.5. 35-590కి 330, 47-559కి 326.5. చివరి దానితో ఫ్రేము మొత్తం 31 మి.మీ. కుంగుతుంది.

పెడలును అట్టడుగుకు తెచ్చి నేలకు ఎంత దూరమో ఇప్పుడే కొలవండి. నాకు 110 మి.మీ. ఉండేది, 38-622 వేశాక దాదాపు 101 ఉంది. తేడా తెలియలేదు. అదే 31 మి.మీ. దిగి ఉంటే మలుపులో పెడలు తొక్కుతూ వాలినప్పుడు తగిలే ప్రమాదం ఉంది. మన వీధుల్లో వేగనిరోధకాలు ఎవరి ఇష్టం వచ్చిన ఎత్తులో వారు కట్టుకున్నవి. వ్యాసర్పాడి వైపు వాన నీళ్లు నిలిచినప్పుడు ప్రతి అంగుళమూ విలువైనదే. ఎత్తు పోకూడదంటే రిమ్ము చిన్నదైన మేర టైరు లావు పెంచండి. పాత ఫ్రేముల్లో చోటు బాగా ఉంటుంది కాబట్టి 40, 42 మి.మీ. టైరు కూడా పట్టవచ్చు. పక్కలకు కనీసం 4 మి.మీ. ఖాళీ మిగలాలి.

ముందు ఒక సైజు, వెనక ఒక సైజు వేయవచ్చా? ఒక్క చక్రమే పాడైంది.

కొద్ది తేడా అయితే వేయవచ్చు. పెద్ద సైకిలు ఇరుసుల మధ్య దూరం 1150 మి.మీ. అనుకుంటే, ముందు వెనకల ఎత్తులో 20 మి.మీ. తేడాకు ఫ్రేము ఒక డిగ్రీ వంగుతుంది. ముందు 38-622, వెనక పాత 40-635 ఉంటే తేడా 8.5 మి.మీ., అర డిగ్రీ కూడా కాదు. సీటు ముక్కు కొంచెం పైకి లేపుకుంటే సరి.

ముందు 559 వేస్తే ఒకటిన్నర డిగ్రీ ముందుకు వాలుతుంది. హ్యాండిల్ చురుగ్గా, నిలకడ లేకుండా తిరుగుతుంది. చేతులు వదిలి తొక్కేవాళ్లకు వెంటనే తెలుస్తుంది. శరీరం బరువు అరచేతుల మీద పడి మణికట్లు నొప్పెడతాయి. వెనక చిన్నది వేస్తే దీనికి వ్యతిరేకం. హ్యాండిల్ మందకొడిగా తయారవుతుంది, పెడళ్లు ఎక్కువ దిగుతాయి, ఎందుకంటే అవి వెనక చక్రానికే దగ్గర. సరుకులు చేరవేసే పాత ఇంగ్లిషు సైకిళ్లలో ముందు చిన్న చక్రం, దాని మీద పెద్ద బుట్ట ఉండేవి. ఇప్పటి కొన్ని మౌంటెన్ సైకిళ్లలో ముందు 622, వెనక 584 ఉంటాయి. అవన్నీ ఆ తేడాను లెక్కలోకి తీసుకుని గీసిన ఫ్రేములు. మన ఫ్రేమును రెండూ సమానమనే లెక్కతో చేశారు.

మా అబ్బాయి పాత 26 మౌంటెన్ సైకిలుకు 700సి చక్రాలు వేస్తే వేగంగా వెళ్తుందా?

559 నుంచి 622కు వెళ్తే రిమ్ము 31.5 మి.మీ. బయటికి జరుగుతుంది. వి-బ్రేకులు ఫోర్కుకు వెల్డు చేసిన మొలకల మీద ఉంటాయి, వాటిని జరపలేరు. టైరు ఫోర్కు కిరీటానికో వెనక అడ్డు గొట్టానికో తగులుతుంది. డిస్కు బ్రేకులున్న ఫ్రేమైతే బ్రేకు అడ్డం రాదు, అప్పుడు 584 చక్రం సన్నటి టైరుతో పట్టే అవకాశం ఉంది, కొలిచి చూడండి. పిల్లవాడికి వేగం కావాలంటే గుబ్బల టైర్లు తీసి, అదే 559లో నున్నటి 1.5 టైర్లు వేసి, గాలి సరిగ్గా కొట్టండి. తేడా మొదటి రోజే తెలుస్తుంది.

చక్రం చిన్నదైతే తొక్కడం తేలికవుతుందా?

కొంచెం. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉన్నాయనుకుంటే, 40-635తో పెడలు ఒక చుట్టుకు సుమారు 5.49 మీటర్లు వెళ్తుంది. 38-622తో 5.36. 35-590తో 5.07. చెన్నై చదును నేల, మనకు ఎత్తంటే కత్తిపారా వంటి ఫ్లైఓవర్లే. 622తో ఎవరూ తేడా గుర్తుపట్టరు. 590 వేసి కాళ్లు ఊరికే తిరుగుతున్నట్టు అనిపిస్తే వెనక 17 పళ్ల ఫ్రీవీలు వేయించండి, మళ్లీ 5.37కు వస్తుంది.

మడ్‌గార్డులు, స్టాండు, చైను కవరు ఏమవుతాయి?

చైను కవరుకు ఏమీ కాదు. మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య ఖాళీ పెరిగి చూడటానికి వెలితిగా ఉంటుంది. మడ్‌గార్డు కమ్మీలను కొంత వంచి కిందికి దించుకోవచ్చు. అసలువాటిని కత్తిరించకండి.

స్టాండు సంగతి చాలామంది చివరిదాకా గుర్తించరు. సైకిలు దిగింది, స్టాండు పొడవు మాత్రం మారలేదు. వెనక చక్రాన్ని ఎత్తి నిలబెట్టే జంట కాళ్ల స్టాండైతే చక్రం మరికొంచెం పైకి లేస్తుంది, ఎక్కించేటప్పుడు కాస్త బలం పెట్టాలి, అంతే. పక్క స్టాండైతే సైకిలు దాదాపు నిటారుగా నిలబడి, కడలి గాలికి అటువైపు పడిపోతుంది. దాన్ని పొట్టి చేయించాలి, లేదా పొడవు సర్దుకునే రకం కొనాలి.

డైనమో ఉంటే దాని చిన్న చక్రం కొత్త టైరు పక్కను తాకేలా మళ్లీ సర్దాలి.

ట్యూబు వాల్వు?

మన పాత ట్యూబుల వాల్వుకు 8 మి.మీ. దాటిన కన్నం కావాలి. సన్నటి వాల్వు కోసం చేసిన 622 రిమ్ముల కన్నం 6.5 మి.మీ. ఉంటుంది. రిమ్ము కొనేటప్పుడే పెద్ద కన్నం ఉన్నది అడగండి. అప్పుడు వీధి చివర పంక్చరు షాపులో గాలి కొట్టించుకోవచ్చు. పెద్ద కన్నంలో సన్న వాల్వు వేయాల్సి వస్తే చిన్న రబ్బరు వాషరు చాలు.

నాకు తమిళం సరిగా రాదు. మెకానిక్‌కు ఏమని చెప్పాలి?

కాగితం మీద అంకెలు రాసి తీసుకెళ్లండి. రిమ్ము 622, కన్నాలు 36, వెనక వెడల్పు 120, బ్రేకు దూరం ముందు 64, వెనక 70, ఇలాగ. మా చక్రాలు కట్టిన పెద్దాయనకు తెలుగు రాదు, అప్పటికి నా తమిళమూ అంతంతమాత్రమే. ఆయన ఆ కాగితం చదివి, 120 దగ్గర వేలు పెట్టి, తన స్కేలు తీసి ఫ్రేమును స్వయంగా కొలిచాడు. 112 ఉంది. రెండు వైపులా నాలుగేసి మి.మీ. వంచాలని వేళ్లతో చూపించాడు. కొలవకుండా సరేననే మనిషి దగ్గర పని మొదలుపెట్టించవద్దు.

చక్రం కట్టిన తరవాత వంద కిలోమీటర్లలోపు మళ్లీ ఆయన దగ్గరికే తీసుకెళ్లండి. చువ్వలు సర్దుకుని కొన్ని వదులవుతాయి, ఒకసారి బెండు తీసి బిగిస్తే తరవాత చాలాకాలం కదలవు.

నాన్నగారి సైకిలును ఇలా మారిస్తే ఆయన సైకిలు కాకుండా పోతుందేమోనని మా అమ్మ బాధపడుతున్నారు.

మా అమ్మకూ అదే అనిపించింది. అందుకే ఫ్రేముకు రంగు వేయించలేదు, డ్రిల్లు పెట్టించలేదు, ఏ గొట్టమూ కోయించలేదు. వెనక ఫోర్కు నాలుగేసి మిల్లీమీటర్లు జరగడం ఒక్కటే ఫ్రేములో వచ్చిన మార్పు, కావాలంటే దాన్నీ తిరిగి వంచవచ్చు. తీసిన రిమ్ములను హబ్బులు, చువ్వలతో సహా అలాగే ఉంచాను. రాడ్డు బ్రేకుల ప్రతి కమ్మీకీ, ప్రతి నట్టుకూ చీటీ కట్టి, నూనె గుడ్డ చుట్టి గోనెసంచిలో అటక మీద పెట్టాను. సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడు దించి, కొత్తగా నూనె రాసి మళ్లీ పెడతాను. ఈసారి ఆ పని అమ్మే చేసింది.